మందను పిలవడం మానుకున్న మా అత్త

మా అత్త చనిపోయి నేటికి పన్నెండు రోజులు. నా అక్షరాలు వంకరగా ఉన్నాయి, తప్పులూ ఉంటాయి, మన్నించండి. బోర్డు బడిలో మూడో తరగతి దాకానే చదివాను. ఈ పత్రిక చదివే అక్కచెల్లెళ్లకు ఆమె ఎవరో తెలియదు. గిద్దలూరికి ఎగువన, నల్లమల అంచున ఉన్న మా ఊళ్లో గొర్రెలు మేపుకుని బతికిన మనిషి. ఆమె గురించి మా వాళ్లు చెప్పుకుంటున్న మాట అబద్ధం. అందుకే రాస్తున్నాను.

"పొగరుతో చచ్చింది. గుట్ట మీద తుంటి విరిగి పడి గూడా కొడుకును కేకెయ్యలేదు." మట్టి చేసిన రోజు నుంచి ఇదే మాట. మా ఆయన తల వంచుకుని వింటూ కూర్చున్నాడు. ఒక్కసారి కూడా కాదనలేదు.

మామ పోయేనాటికి మా ఆయనకు ఐదేళ్లట. అత్త కొంగు నడుముకు చుట్టి, కర్ర పట్టుకుని, మందతో తానే పోయింది. కంపకు చిక్కుకున్న ఉన్నిని ఏరి రొంటిన దోపుకోవడం ఆమెకు అలవాటు. ఇంటికి వచ్చేసరికి రొంటి ఉబ్బి ఉండేది. పక్కింటామె, "ఏందే, ఈ వయసులో కడుపా?" అని ఎగతాళి చేస్తే, "అవునే, ఈసారి కంబళిని కంటా" అనేది.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో అన్నం చాలకపోయినా అడిగేదాన్ని కాదు. సిగ్గు. ఆమె ఇంకో సంగటి ముద్ద వేసి, "దేవుడు నీకు నోరు తినేదానికే ఇచ్చినాడా? అడుగు పిల్లా. అరవని గొర్రెపిల్లకు తల్లి గూడా పాలియ్యదు" అనేది.

మా వైపు ఒక్కో మందకు ఒక్కో పిలుపు. అత్త సాయంత్రం గుట్ట మీద నిలబడి, నాలుక ఆడించి, సాగదీసి ఒక కూత పెట్టేది. దాన్ని రాయడానికి నాకు అక్షరాలు చాలవు. వాగు అవతల ఉన్న గొర్రె కూడా మేత వదిలి పరుగెత్తి వచ్చేది.

రెండేళ్ల కిందట మా ఆయన వేరే మంద పెట్టుకుంటానన్నాడు. మార్కాపురం సంతలో బేరగాళ్లు, "మీ యమ్మనడిగొచ్చి చెప్తావా అబ్బీ?" అని నవ్వుతున్నారట. అత్త మందను రెండుగా చీల్చింది. ఏటా పిల్లల్నీనే మంచి ఈత గొర్రెలను తానే ఏరి కొడుకు వైపు తోలింది. ఎవరివో గుర్తు తెలిసేలా వాటి చెవులకు కొత్త గాటు కూడా తన చేత్తోనే పెట్టింది. మేము ఊరి ఆ చివర దొడ్డి కట్టుకున్నాం.

గాటు మారినా ఆ గొర్రెలకు తెలిసిన గొంతు ఆమెదే. సాయంత్రం ఆమె తన మందను పిలిస్తే మాది కూడా వెనక్కి తిరిగి ఆమె దగ్గరికే పోయేది. మా ఆయన రోజూ ఆమె దొడ్డిలో నిలబడి, ఒక్కో చెవీ పట్టి చూసి, తనవి వేరుచేసుకుని తోలుకొచ్చేవాడు. చావిడి దగ్గర మగవాళ్లకు అదొక వినోదం. "ఏందిరా, నీ గొర్రెలింకా చన్ను మరవలేదా? నువ్వన్నా మరిచినావా?"

వేరుపడిన నెలకే ఒకనాడు ఆయన ఆ చావిడి ముందరే, పదిమందిలో అన్నాడు. "అమ్మా, ఇంకమీద నువ్వు మందను పిలవొద్దు."

పెదమామ, అంటే మామకు అన్న, వత్తాసు పలికాడు. "ఆడదానివి, ఊరదిరేట్టు ఆ కూతలేంది? నోరు మూసుకో. పిల్లోడు మగోడు గావద్దా?"

అత్త కర్ర నేలకు గట్టిగా పొడిచింది. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. ఆమె కొడుకు ముఖం చూసి, "సరే నాయనా" అంది. నేను చావిడి పక్క ముళ్లకంప వెనకే నిలబడి ఉన్నాను. నోరు తెరవలేదు.

ఆ తర్వాత ఆమె ఒక్కనాడూ మందను పిలవలేదు. అరవై ఏళ్ల మనిషి ప్రతి గొర్రె వెనకా నడిచి, కర్రతో అదిలించి, మళ్లించుకొచ్చేది. పాదాలు వాచిపోయేవి. ఆయన్ను తిట్టమని ఒకసారి నేనే అడిగాను. "కొమ్ములు మొలిచేటప్పుడు పొట్టేలు ముందు తల్లినే పొడుస్తాది. దురద దానికి" అని నవ్వేసింది. నాకు నవ్వు రాలేదు.

ఈ వానల్లో అత్త గుట్ట మీద రాతిపై కాలు జారి పడింది. మా ఆయన ఆ వాలు కిందనే మేపుతున్నాడు. కట్టెలకు పోయిన ఆడవాళ్లు చూసి మోసుకొచ్చేసరికి పొద్దు వాలింది. ఎనిమిది రోజులు మంచంలో ఉంది. ఒళ్లు తుడుస్తూ అడిగాను.

"ఒక్క కేకేసింటే ఏమి అత్తా?"

"నా గొంతు ఇంటే వాని మందంతా గుట్టెక్కేది. ఇప్పుడిప్పుడే అవి వాని పిలుపుకు తిరగతాండాయి. చెడగొట్టమంటావా?"

"నీకు కడుపు మండలేదా?"

"మండకేం? గొడ్డలి తీసుకుని మీ దొడ్డి కంప నరుకుదామని ఒకనాడు వచ్చినా. వాడు తల్లి లేని గొర్రెపిల్లకు పాలు పడతాండాడు. నేను నేర్పినట్టు గాదు, వాని తీరున వాడు. పిల్ల బాగానే తాగుతాండాది. అది చూసి సంతోషమైంది, ఏడుపూ వచ్చింది. తిరిగి పోయినా. వానికి చెప్పాకు."

అప్పుడు ఆమె మీద కూడా కోపం వచ్చింది నాకు. కొడుకు మగవాడు కావాలంటే తల్లి రాళ్లలో నోరు మూసుకుని పడి ఉండాలా? ఇంత ప్రేమ ఎవరడిగారు?

నిన్న అత్త దినం. వడ్డిస్తున్నాను. పెదమామ ముద్ద కలుపుకుంటూ, "మొండిది. కొడుకుండాడనే గ్యానమే లేకపాయె" అన్నాడు.

గరిటె గిన్నెలో పడేశాను. "పెదమామా, నోరు మూసుకోమనింది మీరు గదా? ఆమె మూసుకునింది. ఇప్పుడు తెరవలేదంటారేంది?"

పంక్తిలో చేతులు ఆగిపోయాయి. "ఈ పిల్లకు మాటలొచ్చునా!" అన్నారెవరో. అత్త చెప్పొద్దన్నదంతా చెప్పాను. గుట్ట సంగతి, గొడ్డలి సంగతి, పాలు పట్టిన సంగతి.

"ఏమిరా, నీ పెండ్లాన్ని అదుపులో పెట్టుకోలేవా?" అన్నాడు పెదమామ. మా ఆయన విస్తరి ముందు నుంచి లేచి దొడ్డి వైపు పోయాడు. ఆయన భుజాలు కదలడం చూశాను. నాకు జాలి కలగలేదు. ఇప్పటికీ కలగడం లేదు.

ఈ ఉదయం రెండు దొడ్లూ విప్పాడు. అత్త గొర్రెలు రెండేళ్లుగా పిలుపు ఎరగవు. ఆయన ఎంత పిలిచినా కదలక ఆయన్నే చూస్తూ నిలబడ్డాయి.

అచ్చు వేసుకున్నాక ఈ కాగితాలు కాల్చేయండి. నా చేతిరాత పెదమామ గుర్తుపడతాడు. ఇక ఆపుతున్నాను, మంద వస్తోంది. ముందు అత్తవీ మావీ, రెండు గాట్ల గొర్రెలూ కలిసిపోయి దుమ్ము రేపుతూ నడుస్తున్నాయి. అన్నిటికన్నా వెనక ఆయన, కర్రతో ఒక్కోదాన్నే అదిలిస్తూ, నోరు మెదపకుండా.