గంగాధరప్ప తెచ్చిన మాట

మారెక్కకు బాప్తిస్మంలో పెట్టిన పేరు మార్తమ్మ. ఆ పేరుతో పాస్టరయ్య తప్ప ఎవరూ పిలవరు. బెళుగుప్ప దగ్గరి ఆ పల్లెలో క్రైస్తవుల ఇళ్లు పదహారు. ఆదివారం అందరికంటే ముందు పోయి చర్చి ఊడ్చి చాపలు పరిచేది ఆమే.

ఆమె భర్త కొండప్ప బావుల్లో పూడిక తీసే పనికి పోయేవాడు. 2002లో వానలు మొహం చాటేశాయి. చెనక్కాయ చెట్లు ఊడలు దిగకముందే ఎండిపోయాయి. బావి ఉన్న ప్రతి రైతూ ఇంకో రెండు గజాలు లోతు తీస్తే నీళ్లు పడతాయేమోనని ఆశపడ్డాడు. అందువల్ల కరువు ఏట కూడా కొండప్పకు పని ఉండేది.

నవంబరులో ఒకరోజు పొద్దున, అలాంటి ఒక బావిలో ఒక పక్క మొత్తం విరిగి పడింది. అడుగున ఇద్దరున్నారు. ఛాతీ దాకా కూరుకుపోయిన తోటి కూలి గంగాధరప్పను రెండు గంటల్లో పైకి లాగారు. కొండప్పను తీసేసరికి మరుసటి రోజు సాయంత్రమైంది. అంతసేపూ మారెక్క గట్టున కూర్చునే ఉంది. ఎవరో నీళ్లిస్తే తాగింది. శవాన్ని పడుకోబెట్టాక చెవుల్లోని మట్టిని కొంగుతో తుడిచింది. ఏడవలేదు.

"ఒక్కసారన్నా ఏడువు మారెక్కా, లోపల పెట్టుకోవద్దు," అంది పక్కింటి భారతి.

"రానిదాన్ని యాడనుంచి తెచ్చేది?" అంది మారెక్క.

పదో రోజు నుంచి కూలికి పోయింది. రాగిముద్ద చేసుకుని తినేది. ఉప్పు వేయలేదని సగం తిన్నాక గానీ తెలిసేది కాదు. పాస్టరయ్య ఉరవకొండ నుంచి మోపెడ్ మీద వచ్చి, దేవుడు ఏ క్షణమూ మనల్ని విడిచిపోడని ఓదార్చాడు.

"బాయిలో గూడా ఉండెనా అయ్యా?"

"ఉన్నాడమ్మా," అన్నాడు.

"సరే," అని లేచి మేకలకు నీళ్లు పెట్టడానికి పోయింది. ఆ అడగడంలో కోపం లేదు. కోపమొచ్చి ఉంటే పాస్టరయ్యకు కొంత ధైర్యంగా ఉండేది.

క్రిస్మస్ రోజు భారతి వచ్చి చేయి పట్టుకుని చర్చికి తీసుకుపోయింది. గోడవారగా తుమ్మకొమ్మ నిలబెట్టి, ముళ్లకు దూది గుచ్చారు. పాస్టరయ్య ఇమ్మానుయేలు అనే పేరు గురించి చెప్పాడు. దేవుడు మనకు తోడున్నాడని ఆ పేరుకు అర్థమన్నాడు. మారెక్క విన్నది. దేవుడు లేడని ఆమె అనుకోలేదు. ఆ మాట అనుకోవాలన్నా లోపల ఏదో ఒకటి కదలాలి. ఇంట్లో ఇంకొకరు ఉన్నారని తెలిసీ పలకరించబుద్ధి కాని మనిషిలా కూర్చుంది.

ప్రార్థన అయి బయటికొస్తే, మెట్ల దగ్గర గంగాధరప్ప నిలబడి ఉన్నాడు. చంకలో కర్ర. ఆయన చర్చి ముఖం ఎప్పుడూ చూసినవాడు కాదు.

"వదినా, ఒక మాట చెప్పాల."

"చెప్పప్పా."

"ఇన్ని దినాలూ చెప్పలేకపోతి." మెట్టు మీద కూలబడ్డాడు. "మట్టి పడినాక అన్న కనపడలే. గొంతు మాత్రం ఇనపడతాండె. నేను భయంతో అరుస్తాంటి. 'అరవొద్దురా, ఊపిరి అయిపోతాది. దేవుడు ఈడనే ఉండాడు' అనె. 'యాడన్నా, ఏమీ కనపడలేదే' అంటి. 'నాకూ కనపడలేదు. ఉండాడు, ఊరికుండు' అనె."

మారెక్క మెట్టు చివర కూర్చుంది.

"నన్ను లాగేటప్పుడు గూడా మాట్లాడతానే ఉండె వదినా. పైకొచ్చి ఆ సంగతి చెప్పకముందే నాకు తెలివి తప్పిపాయ. చెప్పింటే ఇంకా బిరీన తవ్వుతాండ్రేమో."

"నువ్వు చెప్పింటే మట్టి తక్కువవుతాండెనా? వాళ్లు ఆపకుండానే తవ్విరి. నేను చూస్తానే ఉంటి." తర్వాత అడిగింది. "భయపడినాడా?"

గంగాధరప్ప అబద్ధమాడదామా అన్నట్టు ఆమె వైపు చూశాడు. "పడినాడు. గొంతు వణుకుతాండె."

ఆమె తల ఊపింది. భయపడలేదని చెప్పి ఉంటే అది కొండప్ప మాట కాదనుకునేది. చీకట్లో మేకను వెతకడానికి పోవాలన్నా తోడు రమ్మనే మనిషి ఆయన. వణుకుతూనే అన్నాడంటే, అది ఆయన అన్న మాటే.

లోపలికి పోయి, పండక్కి వండినవాటిలో నుంచి ఆకులో రెండు ఓళిగలు, కొంచెం చిత్రాన్నం తెచ్చి గంగాధరప్పకు ఇచ్చింది. ఆయన తింటూ ఏడ్చాడు. ఆమెకు మాత్రం ఆ రోజు కూడా కన్నీళ్లు రాలేదు.

అవి ఏడాదిన్నరకు వచ్చాయి. అప్పటికి బడిలో మధ్యాహ్న భోజనం వండే పనికి కుదిరింది. ఒకరోజు బియ్యం కడుగుతూ ఉన్నట్టుండి ఏడ్చింది. కారణమేమీ లేదు. ఏడుపు అయ్యాక ఎసట్లో బియ్యం పోసింది. ఏడ్చినందువల్ల గుండె తేలికేమీ కాలేదు. కాలు తిమ్మిరెక్కినా నడుస్తామే, అట్లా నడిచింది చాలా ఏళ్లు.

2008లో, పై వీధిలో హేమావతి మొగుడు రాప్తాడు దగ్గర రోడ్డు మీద లారీ తగిలి పోయాడు. మారెక్క పొద్దున్నే పోయి ఆమె పక్కన గోడకానుకుని కూర్చుంది.

"దేవుని మాట ఏదన్నా చెప్పరాదా అక్కా?" అన్నారు ఎవరో.

"ఇప్పుడు ఆయమ్మికి మాటలు ఎక్కవు. ఊరికే ఉంటా," అంది మారెక్క.

సాయంత్రం ఇంటికి పోయి మేకలను కట్టేసి, మళ్లీ వచ్చి కూర్చుంది.