పంతులుగారు దాటేసే పేజీ

ఒడిశాలోని మా రాయగడ తెలుగువాళ్ళలో ఎవరింట్లో మనిషి పోయినా, కర్మ పూర్తయ్యేవరకూ సాయంత్రం పూట పురాణం చదవడానికి వరాహనరసింహం గారు రావలసిందే. ఆ పురాణం పేరు మామూలు రోజుల్లో ఎవరూ ఎత్తరు. ఇంట్లో ఉంచుకోరు. చావింట్లో తప్ప దాన్ని తెరవకూడదని ఆచారం. అందుకని అందులో ఏముందో ఆయనకు తప్ప ఎవరికీ సరిగ్గా తెలియదు. ఏడుస్తూ కూర్చున్నవాళ్ళు ఏం వింటారు, ఏం గుర్తుపెట్టుకుంటారు?

నేను గుర్తుపెట్టుకున్నాను. ఇరవై ఏళ్ళుగా బడిలో పాఠాలు అప్పజెప్పించుకునేదాన్ని, ఎవరు ఎక్కడ దాటేశారో నా చెవికి ఇట్టే దొరికిపోతుంది.

పంతులుగారికి డెబ్భై దాటాయి. వాళ్ళ తాతముత్తాతలు జయపురం సంస్థానంలో దస్తావేజులు రాసినవాళ్ళు. సంస్థానం పోయింది గానీ సంతకం మీద ఆ ఇంటివాళ్ళ అతిశయం పోలేదు. ఆయన ప్రభుత్వాఫీసులో గుమాస్తాగా రిటైరయ్యారు. భార్య పోయాక తన అన్నం తానే వండుకుంటారు. మా వీధిలో ఎవరికి అర్జీ కావాలన్నా, సాక్షి సంతకం కావాలన్నా ఆయన గుమ్మం ఎక్కాల్సిందే. కాదనే మనిషి కాదు. మంచివారు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నాకు చెప్పబుద్ధి కాదు.

మా అత్తగారు పోయినప్పుడు నరకాల అధ్యాయం ఆయన పూర్తిగా చదివారు. అబద్ధపు సాక్ష్యం చెప్పినవాడికి అవీచి అని ఒక నరకం ఉందట. కొండ మీంచి తలకిందులుగా తోసేస్తారట, ఒళ్ళు ముక్కలైనా ప్రాణం పోదట, మళ్ళీ పైకి ఎక్కిస్తారట. అక్కడికి వచ్చేసరికి ఆయన గొంతు ఖంగుమంది. హరిప్రియ పోయిన తర్వాత మాత్రం ఆ పేజీ ఆయన ఏ ఇంట్లోనూ చదవలేదు.

హరిప్రియ మా పక్కింటి పిల్ల. తండ్రి సన్యాసిరావు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రైల్వేలో సిగ్నళ్ళ పని చేసేవాడు. పందొమ్మిదేళ్ళ పిల్ల ఫోన్లో ఎవరో కుర్రాడితో మాట్లాడుతోందని తెలిసి, ఒక మధ్యాహ్నం గదిలో పెట్టి కొట్టాడు. సాయంత్రానికి పిల్ల ప్రాణం పోయింది. గోడకి ఇవతల నేను ఆ అరుపులు విని టీవీ సౌండు పెంచాను. ఇది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది.

పోలీసులు వచ్చినప్పుడు పంతులుగారే ముందుకెళ్ళారు. "పరాయి రాష్ట్రంలో ఉన్నాం. మన తెలుగువాళ్ళ పరువు ఒడియా వాళ్ళ ముందు పడేసుకుంటామా అమ్మా?" అని నన్ను పక్కకి పిలిచి చెప్పారు. పిల్ల బాత్రూంలో జారిపడిందని చక్కటి ఒడియాలో తానే రాసి, కింద సాక్షిగా సంతకం పెట్టారు. ఆ సంతకాన్ని కాదనేవాళ్ళు మా ఊళ్ళో లేరు. అప్పుడు మా అందరికీ అది పెద్దరికంగానే కనిపించింది.

ఏడేళ్ళు గడిచాయి. ఈ మాఘంలో సన్యాసిరావు డ్యూటీలో ఉండగానే గుండె ఆగి పోయాడు. పెద్ద ఆఫీసర్లు వచ్చి దండలు వేశారు. నిద్రలో పోయినట్టు సుఖంగా పోయాడని అందరూ అన్నారు. ఆ మాట విన్నప్పుడల్లా అతని భార్య సుభద్రమ్మ తలెత్తి చూసేది. కొడుకు మోహిత్‌ది దామంజోడిలో ఉద్యోగం. అక్క పోయిన రోజున అతను బరంపురం హాస్టల్లో ఉన్నాడు, అతనికి తెలిసిందల్లా బాత్రూం సంగతే.

తొమ్మిదో రోజు సాయంత్రం నరకాల అధ్యాయం వచ్చింది. పంతులుగారు ఎప్పటిలాగే నాలుగు పేజీలు కలిపి తిప్పారు.

"పంతులు బాబూ, అక్కడేటి ఒదిలేసేరు?" గోడకి ఆనుకుని కూర్చున్న సుభద్రమ్మ అడిగింది.

"ఏముందమ్మా, నరకాల వర్ణన. ఇప్పుడెందుకవి."

"అదే సదవండి. ఈయన ఎక్కడికెల్లేడో నాకు తెలియాల."

మోహిత్ ఉలిక్కిపడ్డాడు. "ఏం మాటలమ్మా అవి? నాన్న నరకానికెందుకెళ్తాడు? అసలు నరకమనేది లేదు. జనాన్ని భయపెట్టడానికి రాసుకున్నారు."

పంతులుగారు ఆ మాటని పట్టుకున్నారు. "అబ్బాయి చెప్పింది నిజమే సుభద్రమ్మా. పిల్లల్ని బూచాడని బెదిరించడం లేదూ? అలాంటిదే."

"ముప్పై ఏళ్ళుగా మా అందరికీ సదివి, ఇప్పుడు లేదంటే ఎలాగ?"

"ఉందనే అనుకో. మనది అంతులేని నరకం కాదమ్మా. చర్చి వాళ్ళు ఒకసారి పడితే ఇక బయటికి రావడం లేదంటారు. మన పురాణంలో అనుభవించాల్సింది తీరిపోతే వదిలేస్తారు. మళ్ళీ పుడతాడు."

"మల్లీ పుడతాడా?"

"పుడతాడు."

"ఎవులింట్లో? ఏ ఆడపిల్లకి తండ్రిగా?"

మోహిత్ తల్లి దగ్గరికి జరిగి కూర్చున్నాడు. "నాన్న ఏం చేసేడమ్మా?"

"మీ అక్క జారిపడలేదు నాయినా. మీ నాన్న కొట్టి సంపేడు. కాయితం మీద ఈ బాబు రాసిందే నువ్వు నమ్మేవు."

అతను పంతులుగారి వైపు చూశాడు, తర్వాత నా వైపు. నేను తల దించుకున్నాను. అతను ఏడుస్తూ అన్నాడు, "కోపంలో ఒక్కరోజు చేసినదానికి వేల ఏళ్ళ శిక్షేటమ్మా? ఏ జడ్జీ అయినా అలా వేస్తాడా? వేసిన శిక్షని ఎక్కడో ఒకచోట ఆపాలి కదా." తండ్రి భుజాల మీద కూర్చుని రథయాత్ర చూసిన పిల్లాడు మరి. అతని మాటలో న్యాయం లేకపోలేదు.

సుభద్రమ్మ కొడుకు తల మీద చెయ్యి వేసింది. "మరి మీ అక్క ఎన్నాళ్ళు సచ్చిపోయుంటాదిరా? దానికేదైనా గడువుందా?"

పంతులుగారు పేజీలు వెనక్కి తిప్పి మొదట్నించీ అందుకున్నారు. ఒక్కొక్క నరకమే చదువుతూ వెళ్ళారు. అవీచి దగ్గర ఆగారు. నీళ్ళు తాగి, మళ్ళీ మొదలుపెట్టి, తోసెయ్యడం, ముక్కలవడం, మళ్ళీ ఎక్కించడం అంతా చదివారు. "ఇది నాదమ్మా," అన్నారు. కాదని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు. అనకపోగా, నాకు లోపల కసిగా, తృప్తిగా అనిపించింది. నాకు మాత్రం ఎక్కడ చోటు రాసుందో అడిగే ధైర్యం చెయ్యలేదు.

"మీది మీకున్నాది. నాది సదవండి," అంది సుభద్రమ్మ.

"నీకెందుకుంటుంది తల్లీ? నువ్వేం చేసేవు?"

"ఆ రోజు ఆయన తలుపెయ్యమన్నాడు. ఏసేను. బయట గడియ పట్టుకుని నిలబడ్డాను. అమ్మి లోపల్నించి అమ్మా, అమ్మా అని తలుపు బాదింది. నేను తియ్యలేదు." గొంతు పెంచకుండా చెప్పింది. మోహిత్ ఆమె పక్కనుంచి లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. "తలుపేసిన తల్లికి ఏటి రాసున్నాదో సదవండి."

పంతులుగారు అధ్యాయం చివరిదాకా వెళ్ళి, మళ్ళీ మొదటికి వచ్చారు. ఈసారి దాటెయ్యలేదు. వరస మీద వేలు పెట్టి నిజంగానే వెతికారు. దొంగకి ఉంది, తాగుబోతుకి ఉంది, గురువుని తిట్టినవాడికి ఉంది. చివరికి కళ్ళజోడు తీసి, "లేదమ్మా. నీకేమీ రాయలేదు," అన్నారు.

ఆమె మనసు కుదుటపడుతుందనుకున్నాను. ఎంత తెలివితక్కువదాన్ని. సుభద్రమ్మ ముందుకి వంగి ఆయన మణికట్టు పట్టుకుంది. ఇన్ని రోజుల్లో మొదటిసారి అప్పుడే భోరున ఏడ్చింది.

"ఉంటాది బాబూ. నాకు లేకపోతే ఎలాగ? సరిగ్గా సూడండి."