లెక్కల టీచర్ దొరికిన ఏడాది

మాది ఆన్‌లైన్ సర్కారు బడి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ హైస్కూల్ మేడ మీద ఒక గది, రెండు కంప్యూటర్లు, అంతే. చదువు మధ్యలో ఆగిపోయినవాళ్లకు ఫోన్‌లోనే పదో తరగతి చెప్తాం. నేను తెలుగు టీచర్‌ని, ఇన్‌చార్జిని కూడా. ఆ ఏడు బడి తెరిచే ముందు మా లెక్కల సారుకు బదిలీ అయింది. లెక్కలు చెప్పేవాళ్లు లేరని తెలిసి, చేరతామన్నవాళ్లు ఒక్కొక్కరే వెనక్కి తగ్గారు. చేరేవాళ్లు ఇంకా తగ్గితే బడి ఎత్తేస్తామని పై ఆఫీసు నుంచి ఫోనొచ్చింది.

గడ్డిఅన్నారంలో మా వీధిలోనే ఒక మేడం ఉంటారు. గుంటూరు నుంచి వచ్చి, కోచింగ్ సెంటర్లో ఏళ్లపాటు లెక్కలు చెప్పి మానేశారు. వెళ్లి అడిగాను.

"మొహాలు కనపడకుండా ఎలా చెప్తానండీ? అర్థమైందో లేదో నాకెలా తెలుస్తుంది?" అన్నారు.

"ఒక్క క్లాసు చెప్పి చూడండి మేడం. కుదరకపోతే మల్ల అడగ."

మొదటి రోజు అందరూ కెమెరాలు ఆపేసుకుని కూర్చున్నారు. మేడం ఒక లెక్క చేసి, అర్థమైందా అని అడిగారు. తెర మీద అన్నీ నల్ల గళ్లే. ఆవిడ నా వైపు చూశారు. ఇక లేచి వెళ్లిపోతారనుకున్నాను.

అప్పుడు తుర్కయంజాల్ నుంచి ఒకామె కెమెరా ఆన్ చేసింది. ఇద్దరు పిల్లల తల్లి, ఇంట్లోనే బట్టలు కుడుతుంది. వెనక కుట్టుమిషను కనపడుతోంది.

"మేడం, నాకు సమజ్ కాలే. గా మైనస్ ఇవతలికొస్తే ప్లస్ ఎట్లైతది?"

మేడం కుర్చీ ముందుకు లాక్కున్నారు. "అది ఇవతలికి రావడమేం లేదమ్మా. రెండు వైపులా ఒకటే అంకె కలుపుతున్నాం. చూడు," అని మళ్లీ మొదటి నుంచి చేశారు.

"గిదా! చిన్నప్పుడు బడిల మా సారు గిట్ల చెప్పలే."

ఇంకొకరెవరో నవ్వుతూ కెమెరా ఆన్ చేశారు. తర్వాత ఎల్‌బీ నగర్ మెట్రో దగ్గర ఆటో ఆపుకుని వింటున్న ఒకతను. క్లాసు అయ్యేసరికి చాలా మొహాలు కనపడ్డాయి.

"రేపు ఎన్నింటికండీ?" అన్నారు మేడం, బ్యాగు సర్దుకుంటూ.

ఆ కుట్టుమిషనామె తోటికోడలిని చేర్పించింది, ఆ తోటికోడలు పక్కింటామెను. దసరా తర్వాత బడి ఎత్తేసే మాట మళ్లీ ఎవరూ అనలేదు.

రిజల్ట్స్ వచ్చాక కుట్టుమిషనామె బస్సెక్కి మా గదికి వచ్చింది. పాసైంది. ఫోన్‌లో చూసినదానికంటే చాలా పొడుగు మనిషి. ఇంటర్‌లో చేరతానంది. మేడం ఆమె చెయ్యి పట్టుకుని కింద హైస్కూల్ స్టాఫ్‌రూమ్‌కి తీసుకెళ్లారు.

"మా స్టూడెంటండీ," అని ఒక్కొక్కరికీ చూపించారు. వెనకే నిలబడి నేనూ అదే మాట అన్నాను.