మస్తాన్‌బీ అక్క కొంగు ముడి

అప్పట్లో పార్టీ అఖిల భారత మహాసభకు మా తాలూకా ప్రతినిధిగా వెళ్ళింది షేక్ మస్తాన్‌బీ. పార్టీ ఆఫీసు గోడకు కొత్తగా పెట్టిన నల్లరాతి ఫలకం మీద చెక్కింది ఆమె భర్త బాజీ పేరు.

బాజీ మంచివాడే. పత్తి బండి తోలుకునేవాడు, గుంటూరు దాటి ఎరగడు. ఆ ఫలకం ఆవిష్కరణకు పిలిస్తే ఆమధ్య సత్తెనపల్లి వెళ్ళాను. ఆఫీసు ముందు మిరప టిక్కీలు, అదే బస్తాలు, వేసుకుని ఒక లారీ ఆగింది. ఘాటు కిటికీలోంచి వచ్చి గొంతులో పడింది. హాల్లో అందరూ దగ్గుతుంటే నాకు మాత్రం ఒళ్ళు ఝల్లుమంది. ఆ ఘాటే కదా ఒకనాడు ఎక్కడో ఉత్తరాదిన, దేశమంతా చూస్తుండగా వేదిక ఎక్కింది! తెర తొలగించారు. పేరు చదివాను. దగ్గు నాకప్పుడు వచ్చింది.

మస్తాన్‌బీ అక్క మిరప కల్లాల్లో తొడిమలు తీసే కూలీ. నేను మిరప యార్డులో టిక్కీలు మోసే హమాలీని. బడికి పోలేదు, గోడల మీది రాతలూ సినిమా పోస్టర్లూ కూడబలుక్కుని అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. ఆ సంగతి అక్క పసిగట్టి, అన్నాల వేళ నన్ను కల్లానికి పిలిపించి పేపరు చదివించేది. అర్థం కానిచోట నేను సొంతంగా ఏదో అల్లేవాణ్ణి. ఆమె ఇట్టే పట్టేసేది. "ఏరా కొండలూ, అది పేపర్లో ఉందా, నీ నోట్లో ఉందా?" ఆడవాళ్ళంతా ఘొల్లుమనేవాళ్ళు. "ఉన్నది చదువు. నీ మాటలు కలపాలంటే చివర్న కలుపు, అవీ వింటాం." నాకు చదువు చెప్పిన బడి అదే.

మరిచిపోకూడని పని ఉంటే మా వైపు ఆడవాళ్ళు కొంగుకు ముడి వేసుకుంటారు. పని అయ్యాకే విప్పుతారు. అక్కను ప్రతినిధిగా ఎన్నుకున్నాక, రైలెక్కే రోజున కల్లం ఆడవాళ్ళంతా స్టేషనుకు వచ్చారు. కోటమ్మ అనే బాలింత ఒక ఎండుమిరపకాయ అక్క కొంగున పెట్టి ముడి వేసింది. "కల్లంలో చేతులు కడుక్కోను నీళ్ళు పెట్టించమని అడుగు మస్తానక్కా. పాలియ్యబోతే నా చేతి మంటకి బిడ్డ గుక్కపట్టి ఏడుస్తన్నాడు." అక్క ఆ ముడిని ఇంకాస్త బిగించుకుంది. "అడిగిందాకా ఇప్పను పో." రైలు కదులుతుంటే బాజీ చంకలో పిల్లతో పక్కన నడుస్తూ, "ఇంటికాడ పిల్లకాయల్ని నేను చూసుకుంటాలే, నువ్వు పోయి దేశం సంగతి చూసిరా!" అని అరిచాడు. బాజీ ఎరిగిన మహాసభ ఆ ప్లాట్‌ఫారం చివరిదాకానే.

నన్ను పరిశీలకుడిగా పంపారు. అంటే ఓటు లేదు, కూర్చుని వినడమే. యార్డుకొచ్చే ఉత్తరాది లారీ డ్రైవర్ల దగ్గర పట్టుకున్న హిందీ ఉంది కాబట్టి అక్కకు తోడు. ఆ షామియానా కింద ఎన్ని తలపాగాలు, ఎన్ని భాషలు! ఒక్కో రాష్ట్రం పేరు పిలిచినప్పుడల్లా నినాదాలు. మా పేరు పిలవగానే నేను అరిచిన అరుపుకు గొంతు బొంగురుపోయింది. వ్యవసాయ కూలీల తీర్మానం చదివారు. కూలి రేట్లున్నాయి, భూములున్నాయి, నీళ్ళ మాట లేదు. తీర్మానానికి ఓటుగా మా రాష్ట్ర నాయకుడు ప్రతినిధి కార్డు పైకెత్తాడు. ఆయన ఎత్తితే మా వరసంతా ఎత్తాలని ముందే చెప్పి ఉంచారు. అందరూ ఎత్తారు. అక్క కార్డు మాత్రం ఒళ్ళోనే ఉంది.

"ఎత్తమ్మా, ఎత్తు!" అన్నాడు నాయకుడు పళ్ళు కొరుకుతూ.

"ముడి ఇప్పలేదుగా అయ్యా, ఎట్టా ఎత్తేది?"

"అది చిన్న విషయం, ఊళ్ళో చూసుకుందాం."

"చిన్నదైతే ఇక్కడే అయిపోద్ది గదా!"

లేచి వేదిక వైపు నడిచింది. వెనక నేను. వాలంటీర్లు అడ్డం వస్తే, అధ్యక్షస్థానంలో ఉన్న పెద్దాయన రానివ్వమని సైగ చేశాడు. అక్క మైకు ముందు ముడి విప్పి, మిరపకాయ తీసి ఆయన బల్ల మీద పెట్టింది. "దీన్ని తుంచి, ఆ చేత్తోనే కళ్ళు నలుపుకోండయ్యా. అప్పుడు చెప్పండి చిన్నదో పెద్దదో. ఆ చేతుల్తోనే మేం బిడ్డల్ని పట్టుకుని పాలిస్తన్నాం. కల్లాల్లో చేతులు కడుక్కోను నీళ్ళు పెట్టాలని రాయండయ్యా." నా లారీ హిందీలో, ఒక్క మాట కలపకుండా చెప్పాను. ముందు నవ్వారు. అంతలో వెనక వరసల్లో ఆడవాళ్ళ చప్పట్లు మొదలయ్యాయి, చూస్తుండగానే షామియానా అంతా హోరెత్తిపోయింది! పెద్దాయన కాయ వంక చూసి "మంజూర్" అన్నాడు. తీర్మానంలో నీళ్ళ వాక్యం చేరింది. అప్పుడెత్తింది అక్క తన కార్డు, మునివేళ్ళ మీద నిలబడి మరీ.

తిరిగొచ్చాక ఆ వాక్యం నాచేత చదివిస్తూ కల్లం కల్లానికీ తిరిగి, యజమానులతో పోట్లాడి నీళ్ళ తొట్లు పెట్టించింది. ఇప్పుడు ఆమె లేదు, బాజీ లేడు. తొట్లున్నాయి. వాటిలో చేతులు కడుక్కునే వాళ్ళకు రేపు ఆ గోడ మీద ఎవరి పేరు కనపడాలి?

అందుకే ఆవిష్కరణ కాగానే కుర్ర కార్యదర్శిని పట్టుకుని, వెళ్ళింది బాజీ కాదు, మస్తాన్‌బీ అక్క అన్నాను.

"ఆ రోజుల్లో ఆడవాళ్ళని అంత దూరం పంపారంటారా పెద్దాయనా? బాజీ గారే అయ్యుంటారనుకున్నామండి."

"పంపడమేంటయ్యా! మేం చేతులెత్తి ఎన్నుకున్నాం!"

"రాయి చెక్కేశారు కదండీ. కమిటీలో పెడతాంలెండి."

కమిటీ! భుజం మీది కండువా తీసి అతని ముందే ముడి వేశాను. జరిగిందంతా ఉన్నదున్నట్టు చెప్పి, ఇది విప్పేదాకా వస్తూనే ఉంటానన్నాను. వెళ్తూనే ఉన్నాను. ఆ ముడి కండువాతోనే పెళ్ళిళ్ళకు పోయాను, యార్డుకు పోయాను, అడిగిన ప్రతివాడికీ అక్క సంగతి చెప్పాను. చెప్పినప్పుడల్లా మళ్ళీ ఆ మైకు పక్కన నిలబడ్డట్టే ఉండేది. నా మాటలు చివరికి ఉంచుకోవడం ఈ వయసులోనూ కష్టంగానే ఉంది, అయినా ఆమె నేర్పిందే పాటిస్తున్నాను. నిన్న పొద్దున ఫోన్ మోగింది. కార్యదర్శి.

"పెద్దాయనా, పాత రాయి తీసేశాం. చెక్కేవాడు కూర్చున్నాడు. షేక్ మస్తాన్‌బీ, మిరప కల్లం కూలీ, మహాసభ ప్రతినిధి. అంతే, మా మాటలేం కలపలేదండి. మీరొచ్చి ఆ ముడి మా ముందే విప్పండి."