గాలి చొరని గది

చలంటే నాకు భయం పట్టింది బిడ్డ పుట్టాకే. కాన్పుకు చిట్యాల దగ్గరి పుట్టింటికి వచ్చాను. తెలంగాణ రాష్ట్రం వచ్చాక రెండో చలికాలమో, మూడోదో. బిడ్డ బరువు తక్కువగా పుట్టింది. దవాఖానలో నర్సమ్మ, "పిల్లను వెచ్చగ పెట్టుకోవాలె. పాదాలు సల్లవడితె ఊకోవద్దు" అని చెప్పి పంపింది. ఆ మాట నన్ను పట్టి పీడించింది. గంటకు పదిసార్లు ఆ పాదాలు పట్టుకుని చూసేదాన్ని.

మా నాన్న, బాపు, కొత్తగా కట్టించిన స్లాబు గది మాకిచ్చారు. పగటి ఎండకు కాగిన స్లాబు తెల్లారేసరికి గడ్డకట్టుకుపోయేది. గోడకు చెయ్యి ఆనిస్తే అరచేతిలో వేడి లాగేసుకునేది. కిటికీ రెక్కల సందుల్లోంచి, తలుపు కింది నుంచి చలిగాలి తన్నుకొచ్చేది. గదిలో ఉన్న కాస్త వేడీ నా కళ్లముందే పారిపోతున్నట్టుండేది.

బాపు నేతపని చేస్తారు. పొడిగాలి తగిలితే మగ్గం మీద పడుగు పోగులు పటపటా తెగుతాయి. అందుకే గదిలోకి గాలి చొరకుండా మూయడం ఆయనకు చిన్నప్పటి నుంచీ చేతనైన పని. "దారానికే గంత జేస్తం, మనుమరాలికి జెయ్యనా?" అంటూ చిక్కునూలు తెచ్చి కిటికీ సందులన్నీ ఓపిగ్గా కుక్కారు. ఆయన తల్లి, మా అవ్వ, బాలింత గదిలో బొగ్గుల కుంపటి ఉండాల్సిందేనంది. ఆమె నలుగురిని కన్నది కుంపటి పక్కనే. అయితే అది పెంకుటిల్లు. పొగ, వేడి అన్నీ పెంకుల సందుల్లోంచి పోయేవి. ఆ సంగతి మాకెవరికీ తట్టలేదు.

మరునాడు పొద్దున అవ్వ కుంపటి పెట్టి, "సూడు, వెచ్చవడంగనే ఎట్ల నిద్రవోతాందో" అని మురిసిపోయింది. వెళ్తూ తలుపు దగ్గరగా వేసి, కింద గోనెసంచి అడ్డం పెట్టింది. బిడ్డ పాదాలు మొదటిసారి వెచ్చగా తగిలాయి. నా ప్రాణం కుదుటపడింది. తలనొప్పిగా ఉన్నా నిద్ర చాలకేమో అనుకున్నాను.

పాలివ్వబోతే బిడ్డ నోరు కదపలేదు. మడమ మీద గిల్లాను. కళ్లు తెరవలేదు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. లేవబోతే మోకాళ్లు నిలవలేదు, అరుద్దామంటే గొంతు రాలేదు. బయట బాపు మగ్గం టకటకమంటూనే ఉంది. చేతికందిన ఇత్తడి చెంబు తీసి తలుపుకేసి కొట్టాను. మళ్లీ కొట్టాను. మగ్గం ఆగింది.

బాపు బిడ్డను ఎత్తుకుని, నన్ను రెక్కపట్టి లాగుతూ వాకిట్లోకి ఉరికారు. కుంపటి వల్లే ప్రాణం పోతోందని తెలియక, అంతటిలోనూ నేను "చలి, కప్పుండ్రి" అని గొణిగానట. చలిగాలి మొహాన కొట్టాక చాలాసేపటికి బిడ్డ సన్నగా ఏడ్చింది. దవాఖానలో డాక్టరమ్మ, మూసిన గదిలో బొగ్గుల గాలి వాసన లేకుండానే చంపుతుందని చెప్పింది. వెచ్చదనానికి బిడ్డను నా ఒంటికి ఆనించి కట్టుకోమంది.

రెండు రోజులకు ఇంటికొచ్చాం. బాపు అప్పటికే నూలంతా పీకేశారు. గదిలోకి మాత్రం రాలేదు, గడప బయటే కూర్చున్నారు. బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. అవ్వ ఊరుకోబెట్టడానికి వంగింది.

"ఊకోవెట్టకే అవ్వా," అన్నారు బాపు, తల ఎత్తకుండా. "జర ఏడువనియ్యి. నాకు ఇనవడాలె."