పదమూడు ముక్కల వైద్యం

1999లో రాజమండ్రిలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరాను. అంతకుముందు మద్రాసులో రెండేళ్లు రిక్రియేషనల్ థెరపీ చదివాను. జబ్బుపడిన మనిషికి ఇష్టమైన ఆటో, పాటో, తోటపనో తెలుసుకుని, దానితోనే పోయిన శక్తిని తిరిగి రాబట్టే పని అది. "ఆటలాడించడానికి డిగ్రీ ఏంటే?" అని మా పెద్దమ్మ పెళ్లిళ్లలో నలుగురి ముందూ అడిగేది. మానసిక వైద్యశాలల్లో, వృద్ధాశ్రమాల్లో మాకు ఉద్యోగాలుంటాయని చెబితే నవ్వేవాళ్లే గానీ నమ్మేవాళ్లు లేరు. ఆసుపత్రిలోనూ నా ఉద్యోగానికి పేరు లేక, ఫిజియోథెరపీ అసిస్టెంట్ అని రాసుకున్నారు. ఒళ్లు మండేది. అయినా వదల్లేదు.

ఆ వానాకాలం రామచంద్రపురం దగ్గరి రైతు సత్యనారాయణగారిని మా వార్డులో చేర్చారు. యాభై ఎనిమిదేళ్ల మనిషి. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయింది. మాట ముద్దగా వచ్చినా అర్థమయ్యేది. బొటనవేలిలో, చూపుడువేలిలో కొద్దిగా కదలిక ఉన్నా ఆయన ఆ చేతిని పట్టించుకోవడం మానేశారు. ఆయన భార్య వరలక్ష్మిగారు అన్నం కలిపి నోట్లో పెట్టేవారు. బావమరిది చొక్కా గుండీలు పెట్టేవాడు. పెద్దాయన చేత ఏ పనైనా చేయించడం వాళ్ల దృష్టిలో అమర్యాద.

మా పనిలో మొదటి మెట్టు లీజర్ అసెస్‌మెంట్. రోగికి దేనిమీద సరదా ఉండేదో అడిగి రాసుకోవడమే అది.

"తీరిక దొరికితే ఏం చేసేవారండి?" అని అడిగాను.

"పేకాట" అన్నారాయన. వరలక్ష్మిగారు సిగ్గుతో తల దించుకున్నారు.

వడ్రంగి చేత ముక్కలు నిలబెట్టుకునే గాడి ఉన్న చెక్క చేయించాను. కుడిచేత్తోనే ముక్క తియ్యాలి, ఎడమచెయ్యి ఒళ్లోంచి లేవకూడదు. ఆసుపత్రిలో పేకాటేంటని పెద్ద డాక్టరుగారు మండిపడ్డారు. పందెం లేదు, వైద్యమేనని నేనూ గట్టిగానే చెప్పాను. రెండు వారాలు గడువిచ్చారు. ఈలోగా చెయ్యి కదలకపోతే ఇంటికి పంపేస్తామన్నారు.

నాలుగు రోజులు ఆయన, బావమరిది, నేను రమ్మీ ఆడాం. ప్రతి ఆటా ఆయనే గెలిచారు. బావమరిది కావాలనే ఓడిపోతున్నాడు. ఆయన మొహంలో కాస్త వెలుగు చూద్దామని నేనూ ఓడిపోయాను. అయిదో రోజు నేను డ్రాప్ అని ఆట వదిలేసి పక్కన పడేసిన ముక్కల్ని ఆయన ఎడమచేత్తో తిరగేశారు.

"షో కొట్టి గెలవాల్సిన ముక్కలు పెట్టుకుని డ్రాప్ అంటారేంటండి? నేను పోయాననే అనుకుంటున్నారా మీరంతా?"

చెక్కను కింద పడేసి గోడవైపు తిరిగిపోయారు. వారం రోజులు ఫిజియోథెరపీకి కూడా లేవలేదు. "మీ పేకాట కూడా అయిపోయింది కదమ్మా, శనివారం డిశ్చార్జి చేసేద్దాం" అన్నారు డాక్టరుగారు. అప్పటికి బుధవారం.

"తప్పు పేకాటది కాదండి, నాది. శనివారం దాకా నా జోలికి రాకండి" అన్నాను. పెద్దవాళ్లతో అలా మాట్లాడటం అదే మొదలు.

నేరుగా ఆయన మంచం దగ్గరికి వెళ్లి చెక్క పెట్టాను. "మీరన్నది నిజమేనండి. మీమీద జాలిపడ్డాను. ఇవాళ్టి నుంచి పడను."

"బావగారిని ఓడించడం ఏం మర్యాదండీ?" అని బావమరిది నసిగాడు. అతన్ని లేపేసి నేనే ఎదురుగా కూర్చున్నాను. ఆ పూట ఆయన్ని వరసగా మూడు ఆటలు ఓడించాను. వరలక్ష్మిగారికి కళ్లనీళ్లు వచ్చేశాయి.

"జబ్బు మనిషండి. కాస్త చూసి ఆడండి."

"నువ్వుండు. ముక్కలు పంచమను" అన్నారాయన. పళ్లు బిగించి, చెమటలు కక్కుతూ, రెండు వేళ్లతో గాడిలోంచి ముక్క లాగారు. ఒక్కో ముక్కకి నిమిషం పట్టేది. నేను సాయం చెయ్యలేదు. నాలుగో ఆటా ఓడాక, కోపంతో చేతిలో ముక్కను మంచం మీద విసిరికొట్టారు. విసిరింది కుడిచేత్తోనే. ఆ సంగతి ఆయనకు తెలిసేలోపే నేను మళ్లీ పంచేశాను.

శనివారం రౌండ్స్‌లో డాక్టరుగారు ఆయన ముక్క తీసి వేయడం చూసి, డిశ్చార్జి కాగితం జేబులో పెట్టుకున్నారు. ఆ తర్వాత మూడు వారాలు ఆడాం. నేను ఒక్క ఆటా ఊరికే వదల్లేదు.

గౌరవం చూపిస్తున్నామనుకుంటూ మేమందరం ఆయన్ని మనుషుల లెక్కలోంచి తీసేశాం. ఈ సంగతి నా చదువులో ఏ పాఠంలోనూ లేదు, ఆయన తిట్టాకే తెలిసింది. అప్పటి నుంచి ఏ రోగి దగ్గరా కావాలని ఓడిపోలేదు. కఠినురాలినని అన్నవాళ్లున్నారు. అననివ్వండి.

చివరి వారంలో ఒక మధ్యాహ్నం ఆయన షో కొట్టారు. గెలిచానని ఆయనేమీ సంబరపడలేదు.

"మీ ముక్కలు ఇలా పెట్టండి" అన్నారు.

బోర్లా పెట్టాను. కుడిచేత్తో ఒక్కొక్కటే తిరగేసి, నేను ఎక్కడైనా కావాలని తప్పు ఆడానేమోనని పదమూడూ చూశారు. అప్పుడు నవ్వారు.