పంపు ముక్కు

వరంగల్ స్టేషన్ రోడ్డులోని మోటార్ల దుకాణాల్లో సదానందానికి ఒక పేరుంది. చుక్క సదానందం. తాగుడు వల్ల వచ్చిన పేరు కాదు. అతను బిగించిన జాయింటు నుంచి నీటి చుక్క కారదు, అందుకని. అతను బిగించిన పైపులన్నీ వరసగా పేరిస్తే రఘునాథపల్లి దాకా పోతాయని దుకాణం వాళ్లు పరాచికాలాడతారు. సదానందం నవ్వడు. "జనగామ దాక పోతయి" అంటాడు.

డెబ్బై మూడేళ్లు వచ్చాయి. మోకాళ్లు మొరాయించాక పని మానేశాడు. పొద్దున పేపరు, మధ్యాహ్నం కునుకు, సాయంత్రం అరుగు. అట్లా రెండేళ్లు గడిచాక ఒకనాడు శ్యాంసుందర్ కారు దిగి వచ్చాడు. సదానందం మొదట పనిచేసిన పత్తి మిల్లు ఇతని తాతది. మిల్లు మూతబడి పాతికేళ్లయింది. శ్యాంసుందర్‌కు హన్మకొండలో బట్టల దుకాణం ఉంది, ఇప్పుడు మిల్లు జాగాలో ఫంక్షన్ హాలు కడుతున్నాడు.

"కాకా, మన మిల్లు వెనుక నీళ్ల పంపు యాదికున్నదా?"

"ఎందుకుండది."

"దాన్ని పాత ఇనుప సామానోళ్లకు ఇద్దామనుకున్న. ఇంజినీరింగ్ కాలేజీల చెప్పే ఒక మేడం చూసి, ఇయ్యొద్దు, మళ్లీ నడిపిద్దాం అన్నది. కరెంటు లేకుండ నీళ్లు ఎక్కిస్తదట గద. పెండ్లిళ్లకు వచ్చినోళ్లు ఫొటోలు దిగుతరు."

"ఫొటోల కోసమా పంపు?"

"ఇప్పుడు అన్నీ ఫొటోల కోసమే కాకా. జర వచ్చి చూడు. దాని సంగతి తెలిసినోడు నువ్వొక్కనివే మిగిలినవ్."

ఆ మాట నిజమే. నిజాం కాలంలో శ్యాంసుందర్ తాత, అందరూ పెద్దసేటు అనేవారు, మిల్లు పెట్టినప్పుడు ఓడలో తెప్పించిన పంపు అది. పత్తికి నిప్పు భయం. మిల్లు ఎత్తు గడ్డ మీద ఉంది, చెరువు తూమేమో దిగువన ఉంది. గడ్డ మీది తొట్టిలో ఎప్పుడూ నీళ్లుండాలి. కరెంటు ఇంకా రాని రోజులు.

పంపు పనిచేసే తీరు చెప్పడం తేలికే. తూము నుంచి ఇనుప గొట్టంలో వాలుగా దూకి వచ్చే నీరు ఒక బరువైన మూతను తానే తోసి మూసేస్తుంది. దారి మూసుకుపోయిన నీరు ఆ విసురుకు ఇంకో మూతను తన్ని పై గొట్టంలోకి కొంత ఎక్కుతుంది. విసురు తగ్గగానే మొదటి మూత తెరుచుకుంటుంది. నీరు మళ్లీ దూకుతుంది. టక్. టక్. టక్. నిమిషానికి యాభై సార్లు, రాత్రీ పగలూ. పదిపాళ్ల నీరు పారితే ఒకపాలు పైకెక్కుతుంది, మిగతాది పొలాలకు పోతుంది. పక్కనే మనిషి నడుమెత్తు ఇనుప కుండ ఒకటి. దానిలో గాలి ఉంటుంది. దెబ్బ గొట్టానికి తగలకుండా ఆ గాలి ఆపుతుంది.

ఈ సంగతంతా సదానందానికి ఎవరూ నేర్పలేదు. అప్పటి మేస్త్రి సాంబయ్య పని దాచుకునేవాడు. ఆ కాలపు మేస్త్రీలు అందరూ అంతే. నేర్పితే తన కడుపు కొడతాడని భయం. పొద్దున్నే పంపు గుంతలో దిగి, సదానందానికి వీపు చేసి కూర్చుని ఏదో చేసేవాడు. ఏం చేస్తున్నావని అడిగితే "బీడీ ముట్టిస్తాన్నరా" అనేవాడు.

సదానందానికి అప్పుడు ఇరవై రెండేళ్లు. ఆ ఏడు సాంబయ్య పెళ్లాం పిల్లలతో ఎడ్లబండి కట్టుకుని మేడారం జాతరకు పోయాడు. రానూపోనూ పన్నెండు రోజులు. పోయిన మర్నాడే సదానందం పంపు చుట్టూ తిరిగి చూస్తే, గాలి కుండ అడుగున, దెబ్బదెబ్బకూ ఒక చుక్క చిమ్ముతూ కనిపించింది. సన్నని బెజ్జం. ముసలి మేస్త్రి చూపు ఆనక వదిలేశాడనుకున్నాడు. ఆ బెజ్జానికి మర తీసి, ఇత్తడి కడ్డీ నుంచి మరమేకు కోసి బిగించాడు. రంపం బ్లేడు సగం విరిగింది కాబట్టి దాని తల మీది గాడి వంకరగా వచ్చింది. పైన రంగు పూశాడు.

పెద్దసేటు వచ్చి చూసి, "శభాష్ రా! ఒక్క చుక్క కారుతలేదు" అన్నాడు. సదానందానికి ఆ పేరు మొదలైంది అక్కడే.

తొమ్మిదో రోజుకు టక్ టక్ కాస్తా రాయి మీద సమ్మెట పడ్డట్టు అయింది. పదకొండో రోజు పై గొట్టం పగిలింది. పెద్దసేటు అడిగాడు, "పోయేటప్పుడు సాంబయ్య అన్నీ చూసుకొని పోయిండా?" అని.

"ఏమో సేటు. నాకైతే ఏం చూపెట్టలే" అన్నాడు సదానందం.

అబద్ధం కాదు. కాని ఆ మాటతోనే సాంబయ్యను జాతర నుంచి రాగానే గేటు బయటే నిలబెట్టి పంపించేశారు. గుంతలోకి దిగనివ్వలేదు. అతను పిల్లలను తీసుకుని డోర్నకల్ పోయి రైల్వేలో కూలి పని చేసుకున్నాడని విన్నారు. అప్పటికి కరెంటు వచ్చింది, మోటారు వచ్చింది. మోటారుకు మేస్త్రి సదానందం అయ్యాడు.

ఇన్నేళ్లకు మళ్లీ గుంతలోకి దిగాడు, మోకాళ్లు పట్టుకుని, ఒక్కో మెట్టూ. మేడం పేరు తేజస్వి. ముప్పై అయిదేళ్లుంటాయి, చేతులకు గ్రీజు పూసుకోవడానికి జంకని మనిషి. మూడు వారాలు పనిచేశారు. తుప్పు గోకారు, మూతలకు కొత్త తోలు కోసి ఆముదంలో నానబెట్టి వేశారు, పగిలిన పై గొట్టం మార్చారు. కుండ అడుగున రంగు గోకుతుంటే సదానందం వేలికి ఇత్తడి తగిలింది. వంకర గాడి. తన చేతి పనే. సంతోషమేసింది. యాభై ఏళ్లయినా ఊడలేదు అనుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు, గొప్ప చెప్పుకోవడం అతనికి అలవాటు లేదు. తేజస్వి దాని మీదే కొత్త రంగు వేయించింది.

తూము తెరిచిన రోజు అందరూ గుంత చుట్టూ చేరారు. మూతను రెండుసార్లు చేత్తో అదిమాక పంపు తానే అందుకుంది. టక్. టక్. గడ్డ మీది తొట్టిలో నీళ్లు పడ్డాయి. శ్యాంసుందర్ మిఠాయి పంచాడు. నల్లరాయి మీద 'పంపును తిరిగి నడిపించినవారు: సదానందం మేస్త్రి' అని చెక్కిస్తానన్నాడు.

మూడో రోజు పంపు గొంతు మారింది. సమ్మెట దెబ్బ.

తేజస్వి చెయ్యి పెట్టి చూసింది. "కుండల గాలి అయిపోయింది అంకుల్. నీళ్లే నిండినయి. ఇట్లాంటి పంపులకు కింద ఒక సన్న బెజ్జం ఉంటది, దెబ్బకోసారి దాంట్లకెళ్లి గాలి పీల్చుకుంటది. అది లేకపోతే ఇట్లనే అయితది. దీనికెందుకో పెట్టలేదు. రేపు డ్రిల్లు పెడదాం."

"పాత పోత ఇనుము బిడ్డా. డ్రిల్లు పెడితే పగులుతది."

"పగలొచ్చు. వేరే దారి లేదు గద."

గుంత మెట్లెక్కడానికి సదానందానికి ఆ రోజు మామూలు కన్నా ఎక్కువసేపు పట్టింది.

ఇంట్లో భార్య వినోద అన్నం పెట్టింది. అతను కలుపుతూనే ఉన్నాడు.

"ఏమైందయ్యా? అన్నం బురద జేస్తానవ్."

"ఏం లేదు."

"ఏం లేకుంటే తిను. ఉంటే చెప్పు."

అతను చెప్పలేదు. తిననూ లేదు. అక్కడ బెజ్జం ఉందని రేపు చూపిస్తే చాలు. మరమేకు ఎవరు పెట్టారని ఎవరూ అడగరు. అడిగినా, పాత సంగతి, ఎవరికి యాదికుంటుంది. పంపు దక్కుతుంది. ఇంకెవరికీ ఏమీ కాదు. ఇట్లా అనుకున్నాక కునుకు పట్టింది.

మర్నాడు పోయేసరికి గుంత ఒడ్డున ఒక ముసలామె కూర్చుని ఉంది. పాత మేస్త్రీల ఫొటోలు గోడకు పెట్టాలని శ్యాంసుందర్ వాకబు చేసి పిలిపించాడు. సాంబయ్య బిడ్డ యాకమ్మ, పొద్దటి రైలుకు డోర్నకల్ నుంచి వచ్చింది.

"ఫొటో లేదు సేటు" అంటున్నది. "మా బాపు బతికినన్నాళ్లు ఫొటోకు ముఖం పెట్టలే. పంపు చూద్దామని వచ్చిన. గీ పంపుకు నేను తుమ్మముండ్లు ఏరుకొచ్చేదాన్ని."

"ముండ్లు ఎందుకమ్మా?" తేజస్వి డ్రిల్లు పక్కన పెట్టింది.

"దీనికి ముక్కుంటదట. నాచు పట్టి పూడుకపోకుంట పొద్దుగాల ముల్లు పెట్టి తియ్యాలె. లేకుంటే పంపుకు ఊపిరాడది అనేటోడు. ఎవ్వలకు చెప్పొద్దని నా నెత్తి మీద ఒట్టేయించిండు." నవ్వింది. "గిప్పుడు చెప్పిన. ఏమయితదో."

సదానందం గుంతలోకి దిగి, రంగు గోకి, స్క్రూడ్రైవరు వంకర గాడిలో పెట్టి తిప్పాడు. అతని బిగింపుల్లో ఇదొక గట్టి బిగింపు, కదల్లేదు. ఆముదం పోసి, కాసేపు ఆగి, మళ్లీ తిప్పితే వచ్చింది.

"కాకా, నువ్వు లేకుంటే పంపు ఏమైపోతుండె!" శ్యాంసుందర్ చప్పట్లు కొట్టాడు.

తేజస్వి ఇత్తడి ముక్కను అరచేతిలో వేసుకుని చూసింది. "ఎవరో కావాలని మూసిండ్రు. ఏ తెలివితక్కువోడో."

యాకమ్మ తల వంచుకుంది.

"మా బాపే కావచ్చు బిడ్డా" అంది మెల్లగా. "జాతరకు పోయే తొందరల, నీళ్లు కారుతయని మూసి పోయిండేమో. మూసింది వచ్చినంక తీద్దామనుకున్నడో ఏమో. ఆయన చేతుల్నే పంపు పోయిందని అందరు అన్నరు గద."

సదానందం గుంతలోనే నిలబడి ఉన్నాడు. తల ఆమె పాదాల ఎత్తున ఉంది.

"మీ బాపు కాదు యాకమ్మా" అన్నాడు. "నేను. మీరు పోయిన తెల్లారి నేనే పెట్టిన. కారుతాందని. వంకర గాడి చూడు, విరిగిన బ్లేడుతోని కోసిన. పెద్దసేటు అడిగినప్పుడు మీ బాపు నాకేం చూపెట్టలేదన్న. అది పంపు ముక్కు అని అప్పుడు తెల్వది. తెలిసింది నిన్ననే. నిన్నటి సంది మాత్రం తెలిసే ఉన్న."

యాకమ్మ తేజస్వి చేతిలోంచి ఆ ముక్క తీసుకుంది. చిటికెన వేలి గోరంత ఉంటుంది.

"గింతేనా" అంది.

దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి మళ్లీ అంది: "ముల్లు పెట్టే పోయిన, ముల్లు పెట్టే పోయిన అని సచ్చేదాక అంటనే ఉన్నడు సదన్నా. మేం నమ్మలే. మా అన్నయితే ఇప్పటికీ తిడుతడు, ఆయన చెయ్యబట్టే కూలోళ్లమైతిమని."

సదానందం స్క్రూడ్రైవరును మెట్టు మీద పెట్టి శ్యాంసుందర్ వైపు తిరిగాడు.

"నల్లరాయి మీద నా పేరొద్దు సేటు" అన్నాడు. "సాంబయ్య పేరు చెక్కియ్యి."

శ్యాంసుందర్ సరే అనేలోపే యాకమ్మ లేచింది. "పేరు మీ ఇష్టం. రాయి మీది పేరు ఎవలు చదువుతరు. పొద్దున పొద్దున ముల్లు పెట్టే మనిషిని చూసుకోండ్రి, లేకుంటే మళ్లీ పలుగుతది." ఇత్తడి ముక్కను కొంగున ముడివేసుకుంది. "ఇది నేను తీస్కపోత. మా అన్నకు చూపెట్టాలె."

కాలువ గట్టు మీది తుమ్మ నుంచి తానే ఒక ముల్లు విరిచి తెచ్చింది. సదానందం పైకి ఎక్కి దారిచ్చాడు. ఆమె గుంతలోకి దిగి, ఇటువైపు వీపు చేసి కూర్చుంది. కుండలోని నీళ్లు వదిలి మళ్లీ తూము తెరిస్తే, సాయంత్రానికి పంపు మెత్తగా కొట్టుకోసాగింది. అప్పటికే ఆమె రైలెక్కి వెళ్లిపోయింది.

ఫంక్షన్ హాలు తెరిచి ఇప్పటికి నాలుగు నెలలు. యాకమ్మ నుంచి ఫోను రాలేదు. వస్తుందని సదానందం అనుకోవడమూ లేదు. తెల్లవారగానే చొక్కా జేబులో రెండు తుమ్మముళ్లు వేసుకుని బయలుదేరతాడు. ఆ మెట్లు అతని మోకాళ్లకు పడవని వినోద గొణుగుతుంది. ఫొటోలు దిగడానికి వచ్చిన పెండ్లివాళ్లు ఎవరో ఒకరు గుంతలోకి వంగి చూసి కేకేస్తారు.

"తాతా, గీడ నీళ్లు కారుతానయి!"

"కారనియ్యి" అంటాడు.